బండ మునిగితే చెప్పు

మా క్యారియర్‌లో రేడియో బిగించిన రోజున మా అత్త దాని నోట్లో తీపి పెట్టింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ సంగతి తలచుకుంటే నాకు ముందు కోపం వస్తుంది. మిగతావన్నీ ఆ తర్వాతే.

మా ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చిన కొన్నేళ్ళకు జరిగిన మాట ఇది. అప్పట్లో మేము వాయినికోరో వైపు, చెరకు పొలాల మధ్య ఒక గుట్టమీద ఉండేవాళ్ళం. మా ఆయనకు ఒక క్యారియర్ ఉండేది. వెనక బెంచీలు వేసి, పైన టార్పాలిన్ కప్పిన చిన్న ట్రక్కును మా దేశంలో క్యారియర్ అంటాం. బడిపిల్లలు, డాలో దుంపల బస్తాలు, మేకలు, పెళ్ళివంటల గుండిగలు, అన్నీ అందులోనే ఎక్కేవి. ఫోను కావాలంటే రోడ్డుమీది కొట్టుదాకా నడవాలి. అక్కడ కూడా వానొస్తే అది మూగపోయేది. అందుకని ఆ చుట్టుపక్కల బళ్ళున్న నలుగురూ కలిసి రేడియోలు పెట్టించుకున్నారు. గుట్టమీది ఇల్లు మాదే కాబట్టి పొడుగాటి స్తంభం మా పెరట్లో పాతి, అన్ని బళ్ళతోనూ మాట్లాడే బేసు సెట్టు మా వరండాలో పెట్టారు. పెళ్ళికి ముందు నేను లంబాసాలో టెలిఫోను ఎక్స్‌చేంజిలో పనిచేశాను కదా, బేసు దగ్గర కూర్చునేది నేనేనని వాళ్ళే తేల్చేశారు. నన్నెవరూ అడగలేదు. అడిగుంటే సరేననేదాన్నే. అడగనందుకు రెండు రోజులు మొహం ముడుచుకుని తిరిగాను.

రేడియో బిగించడానికి పట్నం నుంచి మెకానిక్ వచ్చాడు. నేను పొయ్యిమీది పప్పు కూడా దించేసి అతని పక్కనే నిలబడ్డాను. బ్యాటరీ నుంచి తీగ లాగి, ఇంజనుకీ క్యాబుకీ మధ్యనున్న రేకుకు బెజ్జం చేసి, తీగ కోసుకుపోకుండా అందులో రబ్బరు ముక్క పెట్టాడు. డ్యాష్‌బోర్డు కింద రంగు గీకి, ఇనుము మెరిశాక అక్కడ ఎర్తు తీగ బిగించాడు. క్యాబు పైకప్పు మీద పొడుగాటి ఏరియల్ నిలబెట్టాడు. ఇంజను స్టార్టు చేయగానే స్పీకర్లో టిక్ టిక్ టిక్ అని మొదలైంది. ఇంజను వేగం పెరిగితే అదీ పెరిగేది, తగ్గితే తగ్గేది. ప్లగ్గుల నుంచి వస్తోందని చెప్పి ఏదో చిన్న డబ్బీ తగిలించాడు. చప్పుడు తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. పాత ఇంజను, ఇంతకన్నా కాదన్నాడు.

తర్వాత మైకు చేతికిచ్చి పాఠం చెప్పాడు. పక్కనున్న బటన్ నొక్కితే నువ్వు మాట్లాడతావు, వదిలితే వింటావు. రెండూ ఒకేసారి కుదరవు. నొక్కి ఉన్నంతసేపూ సెట్టుమీద చిన్న ఎర్ర దీపం వెలుగుతుంది. మా అత్త అరుగుమీద కూర్చుని అంతా వింటోంది. ఈ నియమం మా ఇంట్లో మనుషులకు కూడా ఉంటే ఎంత హాయిగా ఉండేదో అనుకున్నాను.

మా అత్తకూ నాకూ ఉప్పూ నిప్పూ. ఆవిడ పద్ధతి ఒకటుండేది. కొత్తగా మాట్లాడబోయే ప్రతిదానికీ నోరు తీపి చెయ్యాలి. పుట్టిన బిడ్డ నాలుకమీద తీపి, ఇంట్లో అడుగుపెట్టిన కోడలి నోట్లో తీపి. నాకూ పెట్టింది. అది పనిచెయ్యలేదని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేది. ఆ రోజు మెకానిక్ వెళ్ళగానే తమలపాకులో పసుపూ కుంకుమా, చిన్న గిన్నెలో మిల్లు పంచదార కాచిన ముదురుపాకం పట్టుకొచ్చింది.

"అత్తా, అది మిషను. లోపలికి పోతే ఖరాబవుతాది" అన్నాను.

"లారీకి పూజ చేస్తాం, ట్రాక్టరుకి చేస్తాం. మాట్లాడేదానికి చెయ్యమా? నోరు తీపయితే మంచి కబురే పలకతాది."

"రహే దేవ్, ఉండనీ, కొంచెమే కదా" అన్నాడు మా ఆయన నాతో, తల గోక్కుంటూ.

కొంచెమా! పాకంలో పసుపూ కుంకుమా కలిపి మైకు జల్లెడమీద పూసింది. దాని ప్రాణం ఇక్కడుందంటూ బటన్ మీదా పూసింది. ఎర్ర దీపాన్ని చూసి, ఇది కన్ను, దిష్టి తగలకూడదని కాటుకతో దానిమీద దిష్టిచుక్క పెట్టింది. చుక్క కింద దీపం మొత్తం మాయమైంది. నేను గుడ్డ తెచ్చి పైపైన తుడిచాను. కాటుక తుడవబోతే ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. నాకు ఒళ్ళు మండింది. కానీ అప్పటికే పిల్ల ఏడుస్తోంది, పప్పు చల్లారిపోయింది, ఇక వదిలేశాను.

ఆ వారంలోనే వానలు పట్టుకున్నాయి. మా పెద్దపిల్లకు అప్పటికింకా మాటలు సరిగా రాలేదు. పొద్దుట జ్వరం అనుకున్నది మధ్యాహ్నానికి ఆయాసంలోకి దిగింది. ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద చర్మం లోపలికి పోతోంది. పెద్దాసుపత్రి లంబాసాలో, ఏటికి అవతల. ఏటికి ఇవతలే, పక్కరోడ్డులో ఒక నర్సు ఉండే చిన్న దవాఖానా ఉంది. పిల్లకు ఆసుపత్రే కావాలని నాకూ తెలుసు, మా ఆయనకూ తెలుసు.

ఏటిమీద అప్పటికి పెద్ద వంతెన లేదు. నీళ్ళలోంచే వేసిన కాంక్రీటు దారి ఒకటుండేది. దాన్ని క్రాసింగ్ అనేవాళ్ళం. వరద వస్తే నీళ్ళు దానిమీదుగా పోతాయి. మా అదృష్టమో దురదృష్టమో, అదే ఏరు మా గుట్ట వెనకనుంచే దిగేది. మా పెరటి కింద ఏటి నడుమ ఒక నల్లబండ ఉండేది. బండ మునిగిందంటే పైనుంచి వరద వచ్చేసినట్టు. అన్నం ఉడికేంతసేపట్లో అది కిందనున్న క్రాసింగును తాకుతుంది. ఆ బండ మా వరండా చివర నుంచి తప్ప ఇంకెక్కడ నుంచీ కనిపించదు.

నేను చీర మార్చుకుని పిల్లను ఎత్తుకుని క్యారియర్ దగ్గరికి వచ్చాను. మా ఆయన నన్ను ఆపాడు.

"నువ్వు ఉండాల" అన్నాడు.

"నా బిడ్డని నేను తీసుకపోతా."

"బండ ఎవరు చూస్తారు? రేడియోలో ఎవరు పలుకుతారు? అమ్మకి ఆ డబ్బా తెలీదు. నువ్వు వస్తే నేను గుడ్డిగా పోవాల."

నేనింకా నోరు తెరవకముందే మా అత్త నా చేతుల్లోంచి పిల్లను తీసుకుంది. "నేను ఒళ్ళో పెట్టుకుంటా. నువ్వు డబ్బా దగ్గర కూచో" అంది. ఆ క్షణంలో ఇద్దరిమీదా నాకు పుట్టిన ద్వేషం ఇంతా అంతా కాదు. వాళ్ళ మాటలో న్యాయం ఉండటం వల్ల అది ఇంకా ఎక్కువైంది.

మా ఆయన ఇంజను స్టార్టు చేసి కిటికీలోంచి చెప్పాడు. "బండ మునిగితే చెప్పు. నర్సు దగ్గరికి తిప్పేస్తా. నువ్వు చెప్పకపోతే పోతానే ఉంటా."

గుట్ట దిగి రోడ్డెక్కగానే పిలిచాడు. "బేస్, రోడ్డెక్కాం. బండ కనపడతాందా? ఓవర్."

"కనపడతాంది. నీళ్ళు దాని నడుముకి ఉన్నాయి. పిల్ల ఎట్లుంది? ఓవర్."

"అమ్మ ఒళ్ళో ఉంది. ఇంక బండ మునిగితేనే పిలువు. ఊరికే మాట్లాడొద్దు. ఓవర్."

ఆ ఓవర్ తర్వాత అతను బటన్ వదలాలి. వదిలితే నా స్పీకర్లో టక్కుమని చప్పుడొచ్చి అంతా నిశ్శబ్దమవ్వాలి. టక్కుమనలేదు. టిక్ టిక్ అని ఇంజను వినిపిస్తూనే ఉంది. అద్దం తుడిచే వైపరు కీచుమంటోంది. చాలా దగ్గరగా, నా చెవి పక్కనే ఉన్నట్టు, పిల్ల ఊపిరి గరగరమంటోంది.

ముందు నాకు అర్థం కాలేదు, మరచిపోయి నొక్కి పట్టుకున్నాడేమో అనుకున్నాను. తర్వాత గేరు మార్చిన చప్పుడు, మా అత్త కొంగు సర్దుకున్న గరగర వినిపించాయి. మైకు అతని చేతిలో లేదు, మా అత్త ఒళ్ళో పడుంది. అతను ఎప్పుడో వదిలేశాడు, బటనే పైకి లేవలేదు. అప్పుడు పాకం గుర్తొచ్చింది. వాన చెమ్మకు కరిగి లోపలికి జారిన పాకం, బటన్ చుట్టూ బంకలా పట్టేసింది. దానికి మాట్లాడటం ఒక్కటే మిగిలింది, వినడం పోయింది. అది చెప్పాల్సిన ఎర్ర దీపం కాటుక కింద వెలుగుతోంది.

ఏటివైపు చూశాను. బండ భుజాలదాకా నీళ్ళొచ్చాయి. ఎక్కడినుంచో కొట్టుకొచ్చిన అరటిచెట్టు దానికి తగిలి గిర్రున తిరిగి పోయింది. నేను చూస్తుండగానే బురదనీళ్ళు బండను మింగేశాయి. మళ్ళీ కనపడుతుందేమోనని చూశాను. కనపడలేదు.

బటన్ నొక్కి అరిచాను. "బండ మునిగింది! వినపడతాందా? బండ మునిగింది, నర్సు దగ్గరికి తిప్పు!" వదిలాను. టిక్ టిక్ టిక్. పిల్ల ఊపిరి. మళ్ళీ నొక్కాను. "ఎవరైనా వినండి, మా క్యారియర్ మైకు ఇరుక్కుంది. దాన్ని ఆపండి. క్రాసింగ్ దగ్గర ఆపండి." తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో చెప్పాను. నా మాట ఎవరికైనా చేరిందో లేదో తెలుసుకునే దారి లేదు. చెయ్యి తీస్తే వినపడేది మావాళ్ళే. ఇంకెవరు జవాబిచ్చినా ఆ చప్పుడు కింద కొట్టుకుపోతుంది. ఎక్స్‌చేంజిలో ఉన్నప్పుడు నా గొంతు చాలా స్పష్టంగా ఉంటుందని అందరూ మెచ్చుకునేవారు. ఇప్పుడా గొంతుతో అరుస్తుంటే వరండా మూల కుక్క లేచి పోయింది తప్ప ఇంకేమీ కదల్లేదు.

పరుగెత్తి కొట్టుకు వెళ్దామా అనిపించింది. వానలో ఆ ఫోను పలకదు. పలికినా క్రాసింగ్ దగ్గర ఫోను ఎవరికుంది? మళ్ళీ సెట్టు ముందే కూర్చున్నాను.

ఆ రోడ్డులో ప్రతి గతుకూ నాకు తెలుసు. పట్టాలమీద క్యారియర్ ఎగిరిపడిన దడదడ వినిపించింది. మిల్లుకు చెరకు తీసుకెళ్ళే చిన్న రైలు పట్టాలవి. తర్వాత చెక్కల కల్వర్టు గలగలమంది. అది దాటితే మామిడితోపు, ఆ తర్వాత నర్సు రోడ్డు చీలే చోటు. టిక్ టిక్ నెమ్మదించింది. మా ఆయన అక్కడ ఆగుతున్నాడు. దేవుడా, తిప్పు, తిప్పు అనుకున్నాను.

"అమ్మా, నర్సు రోడ్డొచ్చింది" అన్నాడు. "తిప్పనా? వాన బహుత్ ఉంది."

"ఆ పిల్ల పిలిచిందా?" అంది మా అత్త. ఆ పిల్ల అంటే నేను.

"లేదు."

"పిలవలేదంటే బండ కనపడతాందనే. దాని నోరు ఊరుకునే నోరు కాదు, నాకు తెలుసు. బండ మునిగుంటే ఈపాటికి మన చెవులు పగలగొట్టేది. నువ్వు పో."

"కళ్ళు కనపడని వాన ఇది. దానికి బండ కనపడతాందో లేదో."

"రెప్ప వెయ్యదు అది. బిడ్డ కోసం కూచుంది. నాకు నీమీద కన్నా దానిమీద నమ్మకం. పో, జల్దీ పో."

టిక్ టిక్ పుంజుకుంది. నర్సు రోడ్డు వెనకబడింది.

ఆ ఇంట్లో కాలుపెట్టిన దగ్గర్నుంచి మా అత్త నా గురించి ఒక్క మంచి మాట అనగా నేను వినలేదు. ఇప్పుడు వింటున్నాను. ఆ మాటే నా బిడ్డను ఏట్లోకి తీసుకుపోతోంది. నేను మైకును రెండు చేతుల్తో పట్టుకుని, ఎప్పుడూ అనని మాటలు మా అత్తను అన్నాను. నన్ను నమ్మొద్దన్నాను, నీ నమ్మకం నాకక్కర్లేదన్నాను. ఏడుస్తూ తిట్టాను. ఒక్క ముక్క కూడా ఆవిడకు చేరలేదు.

పల్లం మొదలైంది. గేరు తగ్గించి దిగుతున్నాడు. ఇంజను చప్పుడు వెనకనుంచి ఇంకో హోరు మెల్లగా పైకొచ్చింది. మా పెరటి కింద వినిపించేదే, ఇంకా లావుగా. క్యారియర్ ఆగింది.

"నీళ్ళు పైకొచ్చాయమ్మా" అన్నాడు మా ఆయన. "క్రాసింగ్ మునిగింది. కానీ తక్కువే, పక్కన పాతిన కర్రలు కనపడతానే ఉన్నాయి."

"పెరగతాయా?"

"బండ ఇంకా మునగలేదు కదా. పైనుంచి రాలేదు, ఇది ఇక్కడి వాన నీళ్ళే. ఇప్పుడు దాటితే దాటినట్టు."

పిల్ల దగ్గింది. దగ్గి దగ్గి ఊపిరి అందక ఒక్కక్షణం చప్పుడే లేకుండా పోయింది. మళ్ళీ గర్రుమని పీల్చుకుంది. మా అత్త పిల్ల వీపు రాస్తూ మెల్లగా, తెలుగులో, పూజ గదిలో తప్ప ఎక్కడా మాట్లాడని గొంతుతో అంది. "స్వామీ, నన్ను తీసుకో. దీన్ని దాని తల్లి దగ్గరికి చేర్చు." తర్వాత మామూలు గొంతుతో, "పోనీరా" అంది.

మొదటి గేరు పడింది. టిక్ టిక్ టిక్ అని ఒక్కసారి వేగం పెరిగింది. టైర్లు నీళ్ళను తాకిన చప్పుడు నాకు వినిపించింది. నేను కళ్ళు మూసుకున్నాను. భయమంటే ఏమిటో నాకు ఆ రోజే తెలిసింది.

అప్పుడు హారన్ మోగింది. మా క్యారియర్‌ది కాదు, లారీది. ఆపకుండా మోగుతూనే ఉంది. దాని వెనకే ఒక మగగొంతు అరుపు. "రోకో! రోకో! పీఛే జావ్! పానీ ఆవే!" ఆగండి, వెనక్కి పొండి, నీళ్ళొస్తున్నాయి అని.

రేడియో పెట్టించుకున్న నలుగురిలో ఒకాయన ఫిజియన్. వాళ్ళ ఊరు క్రాసింగుకు ఆనుకునే ఉంటుంది. చెరకు లారీ నడిపేవాడు, మాతో ఎప్పుడూ హిందీలోనే మాట్లాడేవాడు. ఆ గొంతు ఆయనది. బ్రేకు కీచుమంది. రివర్సు గేరు ఏడుస్తూ ఏడుస్తూ బండిని వెనక్కి లాగింది. తలుపు తెరుచుకుంది, వాన లోపలికి కొట్టింది.

"పాగల్ హై?" అంటున్నాడాయన, రొప్పుతూ. "తుమార్ మైకు ఖుల్లా హై! సబ్ సునే హై!" పిచ్చా, మైకు తెరుచుకునే ఉంది, అందరూ వింటున్నారు అని. అంతలోనే ఏటి హోరు మారిపోయింది. ఏదో పెద్ద చెట్టు క్రాసింగుకు కొట్టుకుని విరిగిన చప్పుడు. "ఇసా" అన్నాడాయన, వాళ్ళ భాషలో అయ్యో అని, పిల్లను చూసో, ఏటిని చూసో.

తర్వాత గరగరమని కత్తి మొన శబ్దం నా చెవిలో గీరింది. మా ఆయన బటన్ చుట్టూ గీకుతున్నాడు. "ఏం అది, ఎర్రగా?" అన్నాడు లారీ ఆయన. మా ఆయన ఇంకా గట్టిగా గీకాడు. టక్.

నిశ్శబ్దం. నేను బటన్ నొక్కాను. అప్పటికే గొంతు పోయింది.

"బండ మునిగింది" అన్నాను. "ఓవర్."

"చూశాం" అన్నాడు మా ఆయన. "నర్సు దగ్గరికి పోతాన్నాం. ఏడవకు. ఓవర్."

ఆ నర్సు రాత్రంతా పిల్లను వదల్లేదు. సూది వేసింది, ఆవిరి పట్టింది, తన మంచంమీదే పడుకోబెట్టుకుంది. పొద్దుటికి ఏరు తగ్గింది. ఆసుపత్రిలో కొన్నాళ్ళుండి పిల్ల కోలుకుంది. ఈ మధ్యలో లారీ ఆయన యాంగోనా అనే వేరు పానీయం తాగడానికి మా ఇంటికి వస్తే అడిగాను, నా గొంతు వినిపించిందా అని. ఈలలాంటి చప్పుడు మాత్రం వచ్చిందట, మాటలు తెలియలేదట. "కానీ నువ్వు ఏడుస్తున్నావని తెలిసింది. అత్త పొమ్మంటోందని తెలిసింది. అందుకే లారీ తీశాను" అన్నాడు. మా అత్త మాటలు ఆ చుట్టుపక్కల ఛానల్ తెరిచి ఉన్న ప్రతి ఒక్కరూ విన్నారు. కొట్టు దగ్గర వాటిని నాకే తిరిగి చెప్పి నవ్వారు కూడా. నేను నవ్వలేదు.

పిల్లను ఇంటికి తెచ్చే రోజు మళ్ళీ చినుకులు. బండ చూడటానికి నేను పొద్దుట్నుంచీ సెట్టు ముందే ఉన్నాను. క్యారియర్ క్రాసింగ్ అవతలికి వచ్చి ఆగినట్టుంది, స్పీకర్ టక్కుమంది. మా ఆయన అనుకున్నాను. కాదు.

"ఉన్నావా?" అంది మా అత్త.

ఆవిడ ఆ మైకు ముట్టుకోవడం అదే మొదలు. నేను జవాబు చెప్పాను. ఆవిడ వదల్లేదు, నొక్కి పట్టుకునే ఎదురుచూస్తోంది. పిల్ల ఏదో గొణుగుతోంది, దాని ఊపిరి ఇప్పుడు చప్పుడు లేకుండా వస్తోంది. "పలకదేంరా?" అంది ఆవిడ కొడుకుతో, గొంతులో కంగారు. "వదిలితేనే వినపడతాదమ్మా" అన్నాడు అతను. టక్.

"ఉన్నానత్తా" అన్నాను.

మళ్ళీ నొక్కింది. "ఆరోజు నేనన్నదంతా అందరూ విన్నారంట." వేలు తియ్యకుండానే అడిగింది. "నువ్వూ విన్నావా?" టక్.

"విన్నాను."

ఇంకేమైనా అంటుందేమోనని చూశాను. నేనేదైనా అనాలేమో కూడా. నా నోరు ఊరుకునే నోరు కాదు కదా, ఆ రోజు మాత్రం ఊరుకుంది.

"బండ కనపడతాందా?" అంది.

లేచి వరండా చివరికి వెళ్ళి చూసి వచ్చాను. తెలిసినా వెళ్ళి చూశాను. "కనపడతాంది. నీళ్ళు దాని కాళ్ళ దగ్గరే ఉన్నాయి. రండి."

"అయితే వస్తాం" అంది. ఎవరూ చెప్పకుండానే బటన్ వదిలేసింది కాబట్టి ఇంజను చప్పుడు నాకు వినపడలేదు. గుట్ట కింద మలుపులో క్యారియర్ పైకప్పు కనిపించేదాకా నేను వరండా చివరే నిలబడి బండనే చూస్తూ ఉన్నాను.